తీపు అంటే ఏమిటి

ఏటివలస వంద పడకల ఆసుపత్రిలో కనకరత్నానికి రెండే తోడు. ఒకటి నీలిపుస్తకం, రెండోది శ్రోత.

నీలిపుస్తకం అంటే ప్రాణమిత్ర ఆరోగ్యబీమా పథకంలో చేరిన ఆసుపత్రులన్నిటికీ ప్రభుత్వం పంపే సమాచార పుస్తకం. ఏ జబ్బుకి ఏ సంఖ్య, ఏ సంఖ్యకి ఏ వైద్యం, అనుమతి కోసం ఎవరు ఎవరికి రాయాలి, ఎన్ని గంటల్లో రాయాలి, అన్నీ అందులో ఉంటాయి. మొత్తం మూడు వేల రెండు వందల వైద్యాలు. డాక్టర్లు దాన్ని బీరువాలో పెట్టి మరిచిపోతారు. పథకం బల్ల దగ్గర కూర్చునే రత్నం మాత్రం ఇరవై రెండేళ్ళుగా చదువుతూనే ఉంది. నిద్రలో లేపి అడిగినా ఏ పేజీలో ఏముందో చెప్పగలదు. "ఇంత సదువు భాగవతం మీద పెట్టుంటే ఈపాటికి మోచ్చం వచ్చీసేది" అని భర్త గౌరునాయుడు ఎగతాళి చేస్తుంటాడు.

శ్రోత ఎనిమిదేళ్ళ కిందట వచ్చింది. కొబ్బరికాయంత నల్లటి డబ్బా, ముందు సన్నటి చిల్లులు, పక్కన ఓ తెర. రోగి దాని ముందు కూర్చుని తన బాధ తన మాటల్లో చెప్పుకుంటాడు. అది వింటుంది. మాటతో పాటు గొంతునీ, గొంతు వెనక కదిలే కండరాన్నీ, ఊపిరి ఎక్కడ ఆగి ఎక్కడ అందుకుందో దాన్నీ వింటుంది. విని, ఆ మూడు వేల రెండు వందల్లోంచి ఒక సంఖ్య తీసి తెర మీద పెడుతుంది. వచ్చిన కొత్తలో ఓ పంతులుగారు దగ్గుకని వస్తే గుండె చూపించుకోమంది. అందరూ నవ్వారు. మర్నాడే ఆయన్ని ఆపరేషను బల్ల ఎక్కించాల్సి వచ్చింది, బతికి బట్టకట్టారు. ఆ రోజు రత్నం ఆ డబ్బాకి ఎవరూ చూడకుండా దణ్ణం పెట్టుకుంది.

ఆ మంగళవారం పొద్దున్న బల్ల ముందు కూర్చున్న ముసలాయన పేరు బోగి సన్యాసి.

"ఏం బాధ తాతా?"

"కాల్లమ్మా. తీపులు తీసేస్తన్నాయి. తెల్లారి లేస్తే అడుగు పడనేదు."

తెర మీద మాట వచ్చింది: సుగరు పరీక్ష. సన్యాసి వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాడు. అరగంటలో ఫలితం వచ్చింది, సుగరు లేదు. తెర మీద ఇంకో మాట వచ్చింది: జబ్బు లేదు, దస్త్రం ముగిసింది.

"నీకేం లేదు తాతా, రాయిలా ఉన్నావు. ఇంటికెళ్ళి గెంజి తాగి పడుకో" అంది రత్నం నవ్వుతూ.

"ఏటీ లేదా? మరైతే ఈ కాల్లు ఎవులివి?" అన్నాడు సన్యాసి.

వరసలో వెనకున్నవాళ్ళు ఘొల్లుమన్నారు. ఒకావిడ మాత్రం నవ్వలేదు. నేత చీర, భుజానికి సంచీ, కళ్ళజోడు. వరస పక్కన నిలబడి సన్యాసి నోటి వంకే చూస్తోంది. రత్నం గుర్తుపట్టి గబుక్కున లేచింది. ఆవిడ డాక్టర్ షమీమ్. విశాఖపట్నం ప్రయోగశాలలో శ్రోతను తయారుచేసిన మనిషి.

"రత్నంగారూ, మీతో ఒక మాట గురించి మాట్లాడాలి. నిజంగా ఒక్క మాటే" అంది షమీమ్.

పక్క గదిలో కూర్చున్నాక సంచీలోంచి ఒక పాత పట్టిక తీసింది. శ్రోతకి మాటలు నేర్పిన రోజుల్లో ప్రాంతానికొకరిని ఎంచి, రోగులు వాడే మాటలు నాలుగు వందలు పంపి, ఒక్కోదానికి అర్థం గుర్తు పెట్టమన్నారు. ఉత్తరాంధ్ర జిల్లాలకి పెట్టింది రత్నమే. అప్పట్లో అదో గౌరవం. పట్టిక అడుగున ఆమె సంతకం గుండ్రంగా, నిండుగా ఉంది.

"సుగరు పరీక్షకి పంపి, సుగరు లేదని ఇంటికి పంపేసినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళలో చాలామంది ఆరేళ్ళు తిరిగేసరికి గుండె ఆగి పోతున్నారు. ఎందుకని శ్రోతనే అడిగాం. వీళ్ళందరి గొంతులో ఒకే సన్నటి వణుకు ఉంది, అందరూ ఒకే మాట అన్నారు అని చెప్పింది. ఇదీ ఆ మాట."

షమీమ్ వేలు పట్టికలో నూట పన్నెండో వరుస మీద ఆగింది. తీపు. ఎదురుగా టిక్కు: చక్కెర వ్యాధి.

"మా ఇంట్లో ఉర్దూ, రత్నంగారూ. నేను తెలుగు నేర్చుకుంది హైదరాబాదు బళ్ళో. నాకు తీపంటే తీపే. కానీ ఇందాక ఆ తాత కాళ్ళు తీపులంటుంటే అనుమానమొచ్చింది. కాళ్ళు తియ్యగా ఎందుకుంటాయి?"

ఆ పట్టిక నింపిన రోజు రత్నానికి బాగా గుర్తుంది. వరసలో అరవైమంది నిలబడి ఉన్నారు, సాయంత్రంలోగా పట్టిక పంపమని పైనుంచి తొందర. మాటల చివర 'లు'లు కత్తిరించి, ఒక్కో మాటనీ ఒంటరిగా నిలబెట్టి పంపారు. పక్కన కాళ్ళు లేవు, నడుము లేదు, బాధపడే మనిషి లేడు. ఒట్టి 'తీపు'. ఆమె చెయ్యి దానంతటది చక్కెర మీద టిక్కు పెట్టేసింది. సుగరున్నవాళ్ళకీ కాళ్ళు లాగుతాయి కనుక ఆ తర్వాత ఏ డాక్టరుకీ అనుమానం రాలేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తను రోజూ వినే మాట. పొలం నుంచి వచ్చి తల్లి అరుగు మీద కాళ్ళు చాపుకుని అన్న మాట.

"మీ అర్థం తప్పయితే మీరే దిద్దాలట కదా, నీలిపుస్తకంలో..."

"రెండు వందల పద్నాలుగో పేజీ" అంది రత్నం.

ఆ పేజీ ఆమెకి కంఠతా వచ్చు. మాట అర్థానికి సంతకం పెట్టిన మనిషే అది తప్పని ఒప్పుకుని దిద్దితే, ఆ అర్థంతో మూసేసిన దస్త్రాలన్నీ అప్పటికప్పుడు వాటంతటవే తెరుచుకుంటాయి. లేదంటే సంఘం వెయ్యాలి, విచారించాలి, రెండేళ్ళు పడుతుంది. దిద్దిన మనిషిని మాత్రం బల్ల నుంచి తప్పిస్తారు. రిటైర్మెంటుకి ఇంకో ఏడాదిన్నర ఉంది. అదీ పెద్ద బాధ కాదు. ఈ వరసలో నిలబడేవాళ్ళంతా తన ఊరివాళ్ళే. ఎంతమందిని నవ్వుతూ ఇంటికి పంపింది!

"తీపు అంటే ఏమిటి, రత్నంగారూ?"

"చూసి... రేపు చెప్తాను" అంది, నిద్రలో లేపినా చెప్పగల రత్నం.

షమీమ్ ఆమె మొహంలోకి కాసేపు చూసి, ప్రయోగశాల చిరునామా రాసిచ్చి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గౌరునాయుడు కూడా జూట్‌మిల్లు నుంచి అప్పుడే వచ్చాడు. వాళ్ళ వాటా మేడమీద. పద్నాలుగు మెట్లు. ఒకప్పుడు బియ్యం బస్తా భుజానేసుకుని ఆగకుండా ఎక్కేవాడు. ఇవాళ ఎనిమిదో మెట్టు దగ్గర కూలబడ్డాడు.

"ఏటయ్యా, ఆగిపోనావు?"

"ఏటుంది, తీపులే. నీకు తెల్దేటి" అన్నాడు పిక్క పిసుక్కుంటూ.

రత్నం కూడా అతని కింది మెట్టు మీద కూర్చుండిపోయింది. నాలుగేళ్ళ కిందట ఇతన్ని తనే చెయ్యి పట్టి తీసుకెళ్ళి శ్రోత ముందు కూర్చోబెట్టింది. సుగరు లేదనగానే ఇద్దరూ బజారు మీదుగా వస్తూ వేడి జిలేబీలు కొనుక్కున్నారు. ఈ మెట్ల మీదే కూర్చుని ఇతను ఆమె నోట్లో ఒకటి పెట్టాడు. అంత సంతోషంగా జిలేబీ ఎప్పుడూ తినలేదు. ఇప్పుడది గొంతులో అడ్డం పడ్డట్టయింది.

దాచుకోలేక అంతా చెప్పేసింది. పట్టిక, టిక్కు, ఆరేళ్ళు, గుండె. గౌరునాయుడు పిక్క పిసుక్కుంటూనే విన్నాడు. అతను తిడితే బాగుండుననిపించింది ఆమెకి.

"నానొక్కడినేనా?" అన్నాడు చివరికి.

"ఎంతమందో తెలీదు."

"తెల్సుకో మరి. ఇక్కడ కూకుని ఏడిస్తే మెట్లు తగ్గిపోతాయేటి?" అని, ఆమె భుజం ఆనుకుని లేచాడు. మిగిలిన ఆరు మెట్లూ ఇద్దరూ కలిసి ఎక్కారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళింది. ప్రయోగశాల సముద్రానికి ఎదురుగా ఓ కొండవాలున ఉంది. షమీమ్ ఆమెని ఒక పెద్ద హాల్లోకి తీసుకెళ్ళి చెప్పులు విప్పమంది. గుళ్ళోకి వచ్చినట్టుందని రత్నం అనుకుంది. లోపల నేలంతా పటం. ఇచ్ఛాపురం నుంచి నర్సీపట్నం దాకా ఊళ్ళు, ఏళ్ళు, కొండలు ఆమె పాదాల కింద మెత్తగా వెలుగుతున్నాయి. పటం నిండా చిన్న చిన్న పసుపు చుక్కలు. సముద్రపు ఒడ్డున చిక్కగా, కొండల మీద పలచగా, నాగావళి పొడుగునా దండలా ఉన్నాయి.

"ఒక్కో చుక్కా ఒక మనిషి. నలభై ఒక్క వేల మూడు వందల పదహారు మంది" అంది షమీమ్. "వినండి."

గొంతులు మొదలయ్యాయి.

"కాల్లు తీపులమ్మా." "తొడలు తీపులు తీస్తన్నాయి బావు." "వరి నాట్లేసినప్పట్నించీ ఒకటే తీపులు." "బస్సులో నిలబడితే తీపులండి." బెస్తవాళ్ళ గొంతు, నేతవాళ్ళ గొంతు, కొండ మీంచి దిగొచ్చి తెలుగు కూడబలుక్కునే గొంతు, సిగ్గుపడుతూ చెప్పే కొత్తకోడలి గొంతు. ఒకటి అయ్యేలోగా ఇంకోటి అందుకుంటోంది. పలికిన గొంతు దగ్గర చుక్క మిణుకుమంటోంది. ఎనిమిదేళ్ళు ఒక ప్రాంతమంతా ఒకే మాట చెబుతూనే ఉంది. ఇన్ని వేలమంది ఒకరికొకరు తెలియకుండా ఒకే మాట మీద నిలబడ్డారు. రత్నం రెండు చేతులూ జోడించింది.

"ఇది మీకు చూపించాలి" అని షమీమ్ గోడ మీద ఇంకో తెర వెలిగించింది. "అర్థం విషయంలో మనిషి సంతకానిదే ఆఖరి మాటని మేమే నియమం పెట్టాం. శ్రోత దానికి కట్టుబడింది. కానీ ప్రతిసారీ ఒక ప్రశ్న రాసి పంపింది. ఇతరములు అనే పెట్టెలో పడ్డాయి. ఎవరూ తెరవలేదు. నేనూ తెరవలేదు."

తెర మీద ఒకే వాక్యం, వరసగా, అంతులేకుండా: ఈ మాటకి ఇంకో అర్థం ఉందా? ఈ మాటకి ఇంకో అర్థం ఉందా? నలభై ఒక్క వేల మూడు వందల పదహారు సార్లు. అలసిపోకుండా, విసుక్కోకుండా అడుగుతూనే ఉంది. నేనైతే రెండోసారికే కసిరి ఉండేదాన్నని రత్నం అనుకుంది.

అంతలో ఏటివలస దగ్గర ఒక చుక్క వెలిగింది. "రత్నం, దీనికి నానేటి సెప్పాల? కాల్లు తీపులు తీస్తన్నాయని సెప్పనా?" వెంటనే ఆమె నవ్వు, ఆమె గొంతే: "చెప్పవయ్యా, సిగ్గేటి!" కాసేపాగి, ఆనందంగా, "ఏం లేదు, నీకేం లేదు!"

రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జబ్బేమిటో తెలిసిందా?" అని అడిగింది తేరుకున్నాక.

"ఒంట్లో ఒక మాంసకృత్తు దారి తప్పి కండరాల్లో మేట వేస్తోంది. ముందు పిక్కల్లో, తొడల్లో. ఆరేళ్ళకి గుండెలో. గుండె చేరకముందైతే కరిగించే మందుంది. వేరే ఏదో అరుదైన జబ్బుకని ఎన్నడో పథకంలో చేర్చారు..."

"ఐదు వందల ఏడో పేజీ. నెలకో సూది. నా బల్ల మీంచి ఒక్కసారి కూడా రాయలేదు" అంది రత్నం. "నేనెక్కడ సంతకం పెట్టాలి?"

"సంతకం చాలదు. దానికి చెప్పాలి. ఈసారి టిక్కు పెట్టడం కాదు, అర్థమయ్యేలా చెప్పాలి."

గది మధ్యలో, ఆసుపత్రిలో ఉన్నలాంటిదే ఒక నల్లటి డబ్బా. రత్నం దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పటంలో గొంతులన్నీ ఆగిపోయాయి. శ్రోత నెమ్మదిగా అడిగింది.

"తీపు అంటే ఏమిటి?"

"నేను చెప్పింది తప్పు" అంది రత్నం. "ముందు అది రాసుకో. తప్పు నాదే."

"రాసుకున్నాను."

"తీపులంటే నొప్పి కాదు. నొప్పైతే ఇక్కడని వేలు పెట్టి చూపిస్తాం. పోటు కాదు, పోటు వచ్చి పోతుంది. సలుపు కాదు, సలుపు పుండుకీ పంటికీ ఉంటుంది. మంట కాదు, తిమ్మిరి కాదు. తీపులంటే... లోపల్నించి ఎవరో నరాన్ని పట్టుకుని తియ్యడం. గట్టిగా తియ్యరు, వదిలెయ్యరు. ఎవరైనా వచ్చి కాళ్ళు పిసికితే బాగుండుననిపిస్తుంది, పిసికితే ఆ కాసేపే బాగుంటుంది. దానికి మంచం ఎక్కలేం, ఆసుపత్రికి రావడానికి సిగ్గేస్తుంది. పని చేసుకుంటూనే ఉంటాం. అందుకే మావాళ్ళు దాన్ని గట్టిగా చెప్పరు. నవ్వుతూ చెప్తారు. వాళ్ళు నవ్వారని నేనూ నవ్వాను." ఆగి కళ్ళు తుడుచుకుంది. "ఒక్కరోజు పనికి తీపులు తీస్తే తెల్లారేసరికి పోతాయి. తెల్లారి లేవగానే తీపులంటే మాత్రం అది జబ్బు. మా అమ్మకైనా ఆ తేడా తెలుసు."

షమీమ్ డబ్బా వైపు వంగింది.

"ఇప్పుడు తెలిసింది" అంది శ్రోత. "ఇన్నాళ్ళూ వాళ్ళ గొంతుకీ మాటకీ కలవలేదు. ఇప్పుడు కలిసింది."

పటం మారింది. ఇచ్ఛాపురం వైపు ఒక చుక్క పసుపు నుంచి తెలుపయింది. దాని పక్కన ఇంకోటి. ఆ తెలుపు ఒడ్డు వెంబడి పాకింది, ఏళ్ళ వెంట ఎగువకి నడిచింది, కొండలెక్కింది. ఎనిమిదేళ్ళు మూసి ఉన్న దస్త్రాలు ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటున్నాయి. అంత వెలుగు ఒక్క మాట నుంచి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. నేలంతా వెలిగి, ఆ వెలుగు షమీమ్ కళ్ళజోడులో, పైకప్పులో, తన అరచేతుల్లో కూడా పడింది. ఇద్దరాడవాళ్ళూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చిన్నపిల్లల్లా చూస్తూ ఉండిపోయారు.

కొన్ని చుక్కలు మాత్రం తెల్లబడలేదు. పసుపుగానే ఉండిపోయాయి. అవెవరివో షమీమ్ చెప్పలేదు, రత్నం అడగలేదు. కొంగు చివర ముడేసుకుని వాటి వంక చాలాసేపు చూసింది.

పది నిమిషాలకి ఆమె ఫోను మోగింది. గౌరునాయుడు.

"రత్నం, ఎవుర్తో ఫోన్ చేసింది, అచ్చం నీ గొంతే! కాల్లు ఇంకా తీపులు తీస్తన్నాయా అని అడుగుతంది. నువ్వేనేటి?"

"నేను కాదు, శ్రోత. నా దగ్గర నేర్చుకుంది."

"ఏటని సెప్పాల?"

"తీస్తన్నాయని సెప్పు. రేపు రమ్మంటాది. ఎల్లు. నేను కూడా వస్తాను."

"జిలేబీలు కొనకు ఈసారి" అన్నాడు గౌరునాయుడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

అతని గుండెకి మేట ఇంకా చేరలేదని మర్నాడు తేలింది. సన్యాసి తాతకీ అంతే. మొదటి సూది వేయించుకుని, "సూసినావా, ఈ కాల్లు నావే" అని రత్నానికి చూపించి మరీ వెళ్ళాడు. ఆ వారంలోనే ఆసుపత్రులన్నిటికీ నీలిపుస్తకంలో అంటించుకోమని కొత్త పేజీ వచ్చింది. ఆ జబ్బుకి గంభీరమైన పేరొకటి పెడదామని పెద్ద డాక్టర్లు పట్టుబట్టారట, షమీమ్ ఒప్పుకోలేదట. పేజీ మీద జబ్బు పేరు మన అక్షరాల్లో నిండుగా ఉంది: తీపులు. కింద ఐదారు వరుసల్లో ఏం అడగాలో, ఏం పరీక్ష చెయ్యాలో, ఏ మందుకి అనుమతి కోరాలో ఉంది. రత్నం ఆ పేజీని జిగురు రాసి అంటించింది. దాంతో పాటే ఆమె పేరు మీద ఇంకో కాగితం వచ్చింది. కొత్త మనిషి వచ్చేదాకా బల్ల దగ్గరుండి, తర్వాత తప్పుకోవాలి. మడిచి అదే పుస్తకంలో పెట్టుకుంది.

ఆ పై శుక్రవారం వరస ఆసుపత్రి గేటు దాటింది. పదకొండింటికి ఒకామె వచ్చి బల్ల ముందు నిలబడింది. నలభై అయిదేళ్ళుంటాయి. బొట్టు లేదు. చేతిలో పాత ఫోను.

"నా పేరు గంగులమ్మ. మాది నీటిగెడ్డ. మాయాయనకి ఫోనొచ్చింది" అంది. "ఆయన పోయి రెండేల్లయింది, ఆసుపత్రోల్లకి సెప్పనేదు. నానే ఎత్తినాను. ఆదినారాయణగారూ, కాళ్ళు ఇంకా తీపులేనా అని అడిగినారు. నానేటి సెప్పను? అది నీ గొంతే కదా?"

"నా గొంతే" అంది రత్నం.

"ఆయన ఈ బల్ల కాడికే వచ్చినాడు. ఏటీ లేదని పంపేసినారు. అది సెప్పింది ఎవులు?"

వరసలో తలలన్నీ ఇటు తిరిగాయి. తప్పు యంత్రానిదని ఊరంతా అనుకుంటోంది. అలాగే అనుకోనివ్వమని పెద్ద డాక్టరు కూడా నిన్న సలహా ఇచ్చాడు.

"అదీ నేనేనమ్మా" అంది రత్నం, అందరికీ వినబడేలా. "ఆ మాటకి అర్థం తప్పు రాసింది నేను. యంత్రం కాదు."

గంగులమ్మ ఆమె వంకే చూసింది. తిడుతుందనీ, మట్టి ఎత్తి పోస్తుందనీ రత్నం తల వంచుకుని నిలబడింది. అంతకి సిద్ధపడే ఉంది. గంగులమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని, ఆ నల్లటి డబ్బాని తన వైపు తిప్పుకుంది.

"అడిగినారు కదా. సెప్తాను, రాసుకోండి. ఆయన అందరి కాడా నవ్వేసీవోడు. సరిగ్గా సెప్పి ఉండడు. నా కాడ సెప్పినాడు, నాకు తెల్సు."

చనిపోయినవాళ్ళ మాట వినడానికి నీలిపుస్తకంలో సంఖ్య లేదు. అలాంటి దస్త్రాన్ని అక్కడికక్కడే మూసెయ్యాలని తొంభై మూడో పేజీ చెబుతుంది. రత్నం వేలు అలవాటుగా దస్త్రం మూసే మీట మీదికి పోయింది.

"చెప్పండి గంగులమ్మగారూ" అంది శ్రోత. "వింటున్నాను."

"ముందు ఎడం కాలు..." అని గంగులమ్మ మొదలుపెట్టింది.

వరసలో ఎవరూ తొందరపెట్టలేదు. రత్నం మీట మీంచి చెయ్యి తీసేసి, స్టూలు దగ్గరికి జరుపుకుని, తనూ వినసాగింది.